రుబ్బురోలు కేసు పెద్దమ్మ

పోయిన నెల సబ్ కోర్టులో నా కేసు పిలిచేదాకా కూర్చుని ఉన్నాను. ఒక కుర్ర వకీలు ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ మీద మాట్లాడుతున్నాడు. అప్పీలు గడువులోగా ఎందుకు వేయలేదని జడ్జిగారు అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా, "నా క్లయింటుకు కామెర్లు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలనుకున్నాను గానీ పైకే వచ్చేసింది. జడ్జిగారు కళ్లద్దాల మీదుగా నావైపు చూశారు. ఈ వయసులో లేచి నిలబడి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఎందుకు నవ్వానో మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే పెద్దమ్మ సంగతంతా చెప్పాలి.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు, మా సీనియర్ గారి క్లయింటు. నేను నల్లకోటు కొత్తగా తొడుక్కున్న రోజుల్లో ఒక ఉదయం కోయంబత్తూరులోని మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. పెళ్లికి వెళ్లేదానిలా జరీ అంచు చీర, తలనిండా కనకాంబరాలు, చేతిలో టిఫిన్ క్యారియరు. నేను లేచి నిలబడగానే, "ఎవరింటి పిల్లోడివి తంబీ?" అని అడిగింది. చెప్పాను. "అట్లయితే నేను నీకు పెద్దమ్మ అవుతా" అని కుర్చీలో కూర్చుంది. ఎలా అవుతుందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె పోయేదాకా అలాగే పిలిచాను.

ఆమె తెచ్చిన కేసు రుబ్బురోలు కేసు.

ఆమె మామగారు మిల్లులు వరసగా లేస్తున్న రోజుల్లో మధురై నుంచి కోయంబత్తూరుకు వచ్చిన మనిషి. వస్తూ వస్తూ మేలూరు రాతితో చెక్కించిన రోలు ఒకటి బండిమీద వేసుకొచ్చి పెరట్లో పాతించాడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ ఇల్లు పంచుకున్నారు. పెద్దవాడు, అంటే పెద్దమ్మ భర్త, ఇత్తడి పాత్రల అంగడి నడిపేవాడు. చిన్నవాడు మిల్లులో మేస్త్రి. పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి, ఇకమీదట ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటలుండకూడదని అన్నదమ్ములిద్దరూ పెళ్లాలకు గట్టిగా చెప్పేశారు. పెరటి మధ్య గోడ పెట్టాలన్నారు. తాడు పట్టి చూస్తే రోలు సరిగ్గా తాడు కిందికొచ్చింది. వదులుకోవడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. గోడ కట్టే కొత్తనారు, అంటే తాపీపనివాడు, కాసేపు తల గోక్కుని, రోలు దాకా కట్టి ఆపేసి, రోలు దాటాక మళ్లీ మొదలుపెట్టాడు. గోడలో ఒక సందు, ఆ సందులో రోలు. ఇటునుంచి పెద్దమ్మ రుబ్బుకునేది, అటునుంచి ఆమె తోడికోడలు రుబ్బుకునేది. ఆ తోడికోడల్ని నేను చిన్నమ్మ అంటాను.

మధ్యాహ్నం మిల్లు సంగు, అంటే సైరన్, మోగగానే చిన్నమ్మ భర్త షిఫ్టు ముగించుకుని ఆకలితో వచ్చేవాడు. ఆయనకు అప్పటికప్పుడు కారంగా పచ్చడి నూరి పెట్టాలి. ఆమె నూరి లేచాక పెద్దమ్మ ఇడ్లీపిండి రుబ్బేది. ఒకరోజు రోలు సరిగ్గా కడగలేదేమో, మర్నాడు ఇడ్లీ నోట్లో పెట్టుకున్న పెద్దమ్మ భర్తకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. సాయంత్రం దాకా అంగట్లో ఎక్కిళ్ల మధ్యనే బేరాలు చేశాడట. ఇంటికొచ్చి, "పెట్టు కేసు!" అన్నాడు. పెద్దమ్మ పెట్టింది.

తాను పిండి రుబ్బడం అయ్యేదాకా ప్రతివాది ఆ రోట్లో మిరపకాయ వేయకూడదని శాశ్వత ఉత్తరువు కోరుతూ మా సీనియర్ దావా తయారుచేశారు. ఆయన ఇంగ్లీషులో గంభీరంగా చెబుతుంటే నేను రాశాను. అంతా అయ్యాక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"కేసు తేలేదానికి ఏండ్లు పడుతుందంటా ఉండారే తంబీ. అంతదాకా మేము కారం తినాల్నా?"

"అక్కర్లేదు పెద్దమ్మా. దావాతోపాటే ఇంజంక్షన్‌కు పిటిషన్ వేస్తున్నాం."

"ఇంజక్షనా? ఎవురికి, దానికా?"

"అవును, ప్రతివాదికే."

ఆమె ముఖం వాడిపోయింది. "అయ్యో, వద్దు తంబీ. అది పెండ్లయి వచ్చినప్పటినుంచీ సూదంటే ఏడుస్తుంది. మాత్ర ఏదన్నా ఉంటే ఇయ్యమని చెప్పు."

జడ్జిగారు సూదీ ఇవ్వలేదు, మాత్రా ఇవ్వలేదు. రెండువైపులా విని, కేసు తేలేదాకా రోలు విషయంలో యథాస్థితి ఉండాలన్నారు. అంటే ఏమిటని పెద్దమ్మ వరండాలో అడిగితే, మా సీనియర్ హడావిడిలో, "ఉన్నది ఉన్నట్టే ఉండాలమ్మా, కదపకూడదు" అని చెప్పి వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు ఒక వార్త వచ్చింది. మిల్లు వీధి మూల హోటల్లో పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు వీపు పెట్టుకుని ఇడ్లీలు తింటున్నారట. రెండు ఇళ్లల్లోనూ పిండి లేదు. కదపకూడదన్నారు కదా, పొత్రం తిప్పితే కదిపినట్టే కదా! తోడికోడలితో మాట్లాడకూడదు కాబట్టి పెద్దమ్మ గోడకు చెప్పిందట: "ఏ గోడా, విను. గుండు తిప్పితే జైలని జడ్జి సామి చెప్పినాడు." అవతల చిన్నమ్మ హడలిపోయి పొత్రం మీద గోనెసంచి కప్పేసింది. చివరికి అవతలి వకీలు ఉత్తరువుకు వివరణ కోరుతూ పిటిషన్ వేశాడు. జడ్జిగారు చాలాసేపు నుదురు రుద్దుకుని, "రోలును దాని చోటునుంచి కదపరాదు. పొత్రం తిరగవచ్చు" అని రాశారు. ఆ మాట వినగానే పెద్దమ్మ కోర్టు హాలులోనే రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఆమెకు కోర్టంటే ఇష్టం పుట్టుకొచ్చింది అప్పుడే అనుకుంటాను. గుడి ముందు విడిచినట్టు గుమ్మం బయటే చెప్పులు విడిచేది. ముందు బెంచీ మీద కిటికీ పక్క చోటు ఆమెది, ఇంకెవరైనా కూర్చుంటే వాళ్లు లేచేదాకా పక్కనే నిలబడి వాళ్ల కేసు వివరాలు అడిగేది. బంట్రోతు ఏ పేరు పిలిచినా, "ఉండాను సామీ!" అని లేచి నిలబడేది. కారమడై రథోత్సవం రోజున వాయిదా పడకుండా చూడమని నాకు పంచాంగం చూపించేది. అఫిడవిట్టును "అప్పడి విట్టు" అనేది. అప్పడి విట్టు అంటే అరవంలో అలా వదిలేసి అని అర్థం. వదిలేసినదాని మీద సంతకం ఎందుకు పెట్టాలో ఆమెకు ఎప్పటికీ అర్థం కాలేదు, అయినా పెట్టేది.

తర్వాత కమిషనర్ పిటిషన్ వేశాం. కారం నిజంగా రోలుకు పట్టుకుని ఉంటుందా లేదా అని స్వయంగా చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు ఒక వకీలును పంపించింది. ఆయన వేరే ఊరినుంచి వచ్చి హోటల్ కూడు తింటూ బతుకుతున్న బక్కపలచని బ్రహ్మచారి. మా తరఫున నేను కూడా వెళ్లాను. ఇటువైపు పెద్దమ్మ అరిటాకు వేసి నాలుగు రకాల చట్నీలతో ఇడ్లీ పెట్టింది. న్యాయం సమానంగా ఉండాలని ఆయన గోడ చుట్టూ తిరిగి అటు వెళ్లి, చిన్నమ్మ వేసిన దోసెలు తిన్నాడు. గోడ సందులోంచి పెద్దమ్మ తొంగి చూస్తూ, "ఏ గోడా, ఆయనకి నెయ్యి వెయ్యమని చెప్పు, ఆయన చేతులు చూడు ఈర్కుపుల్లలాగా ఉండాయి" అంది. నెయ్యి పడింది. పరీక్ష పూర్తికాలేదని కమిషనర్ గడువు పొడిగింపుకు పిటిషన్ వేసుకుని మళ్లీ వచ్చాడు. చివరికి రిపోర్టులో, ఇరుపక్షాల పిండీ శ్రేష్ఠంగా ఉన్నదనీ, కారం జాడ కనుక్కోవడానికి మరికొన్ని సందర్శనలు అవసరమనీ రాశాడు. మా సీనియర్ ఆ రిపోర్టు మీద అభ్యంతరాలు దాఖలు చేస్తుంటే, పెద్దమ్మ అడ్డుపడింది. "పావం, రానీయండి వకీలయ్యా. మీకేమి పోతుంది?"

ఆ మరుసటి వేసవిలో చిన్నమ్మ మామిడిపండ్ల కాలమని పెరియకుళంలో పుట్టింటికి వెళ్లి వాయిదాకు రాలేదు. ఆమె వకీలుకు ఏ కబురూ లేదు. బంట్రోతు పేరు పిలిచాడు, ఎవరూ పలకలేదు. జడ్జిగారు, "ప్రతివాది ఎక్స్ పార్టీ" అన్నారు. ప్రతివాది రాలేదు కాబట్టి ఆమె లేకుండానే కేసు నడుస్తుందని దాని అర్థం. మాకు ఇంతకంటే మంచి రోజు లేదు. మా సీనియర్ చిరునవ్వుతో లేవబోయారు.

అంతలో ముందు బెంచీ నుంచి పెద్దమ్మ లేచింది. "ఎవుర్ని సామీ పాట్టి అంటా ఉండారు?"

జడ్జిగారికి అర్థం కాలేదు. మాకు అయింది. పాట్టి అంటే అరవంలో ముసలవ్వ.

"దానికి ఇంకా ఒక్క వెంట్రుక నెరవలేదు. నా చేతులమీద తల దువ్వించుకున్న పిల్ల. దాన్ని పట్టుకుని పాట్టి అంటే అది ఎంత నొచ్చుకుంటుంది! మామిడిపండ్లకి పోయింది, సోమవారం వస్తుంది. అంతదాకా కేసు నిలపండి."

"అమ్మా, మీరు వాది. ఆమె రాకపోతే మీకే లాభం."

"అది లేకుండా నేను ఎవురితో కేసు ఆడేది సామీ?"

మా సీనియర్ మెల్లగా కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. సోమవారం చిన్నమ్మ వచ్చి ఎక్స్ పార్టీ ఉత్తరువు రద్దుకు పిటిషన్ వేసింది. మా అభ్యంతరం లేదని పెద్దమ్మే ముందు లేచి చెప్పింది. మధ్యాహ్నం మా ఆఫీసు బల్ల మీద ఒక బుట్ట మామిడిపండ్లు ఉన్నాయి. ఎవరు పెట్టారో గుమాస్తా చెప్పలేదు.

ఇలా కొన్నేళ్లు నడిచింది. కొబ్బరి పచ్చడిని కూడా చేర్చాలని దావా సవరణకు ఒక పిటిషన్, గోడ కట్టిన కొత్తనారును ప్రతివాదిగా చేర్చాలని ఇంకొకటి. వాయిదాల సంగతి చెప్పక్కర్లేదు. చివరికి ఒకరోజు తీర్పు వచ్చింది. పెద్దమ్మ గెలిచింది. మధ్యాహ్నం సంగు మోగాక మొదట రుబ్బే హక్కు వాదిది, తర్వాతే ప్రతివాది మిరపకాయలు.

నేను సంబరంగా చెబితే ఆమె నావైపు వెర్రిగా చూసింది.

"అంటే? ముగిసిపోయినాదా?"

"ముగిసింది పెద్దమ్మా. గెలిచాం."

"మరి అప్పీలు?"

"అప్పీలు ఓడినవాళ్లు వేస్తారు. గెలిచినవాళ్లు వేయరు."

"నేను వేస్తానంటే?"

"వేయడానికి లేదు."

టిఫిన్ క్యారియర్ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. అంత దిగులుగా ఓడిపోయిన క్లయింటును కూడా నేను చూడలేదు. తర్వాత జరిగింది చిన్నమ్మే నాకు చెప్పింది. ఆ సాయంత్రం పెద్దమ్మ రోలు దగ్గర కూర్చుని, గోడకు కాదు, పంపకాల తర్వాత మొదటిసారి నేరుగా ఆమెకే చెప్పిందట.

"అమ్మణీ, నువ్వు అప్పీలు వెయ్యి."

"ఆయన వద్దంటా ఉండారక్కా. ఓడినాము, చాలు అంటా ఉండారు."

"ఓడితే ఓడినావు. మళ్లీ ఓడు, ఏమి పోయింది?"

చిన్నమ్మ భర్తను ఒప్పించేసరికి గడువు దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయాలి, కారణం చెప్పాలి. ఆమె వకీలు అందరికీ రాసినట్టే, తన క్లయింటు కామెర్లతో మంచం పట్టిందని అఫిడవిట్టులో రాశాడు. ఆ కాగితం నకలు మాకు వచ్చింది. నేను పెద్దమ్మకు చదివి వినిపించాను. విని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి రోజూ నేల ఉసిరి ఆకు తెచ్చి, రోట్లో నూరి, మజ్జిగలో కలిపి, గోడ సందులోంచి చిన్నమ్మకు ఇవ్వసాగింది. చెంబు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడేది. చిన్నమ్మకు ఏ రోగమూ లేదు. ఆ మాట చెబుదామని వకీలును అడిగితే, "ప్రమాణం చేసి సంతకం పెట్టారు, లేదంటే అబద్ధపు ప్రమాణం, జైలు" అని బెదిరించాడు. పాపం, ఆ చేదంతా కళ్లు మూసుకుని తాగింది.

పై కోర్టైన సబ్ కోర్టులో, వేరే జడ్జిగారి ముందు, ఆ పిటిషన్ విచారణకు వచ్చింది. "కామెర్లకు డాక్టరు సర్టిఫికెట్ ఏదీ?" అన్నారు జడ్జిగారు. అవతలి వకీలు దగ్గాడు. మా సీనియర్ వ్యతిరేకించడానికి లేచారు. ఆయన నోరు తెరవకముందే పెద్దమ్మ లేచింది.

"ఆమా సామీ, అవును, కామెర్లే. నేనే గదా మందు ఇచ్చింది!"

"మీరెవరు?"

"ఎదురు పార్టీ సామీ."

"ఎదురు పార్టీ మందు ఇచ్చిందా?"

"ఇయ్యకుండా ఎట్ల? అది సచ్చిపోతే అప్పీలు ఎవురు వేసేది?"

జడ్జిగారు కలం చేతిలో పట్టుకుని కాసేపు కిటికీ బయటికి చూశారు. తర్వాత ఆలస్యం మన్నించామని రాశారు. ఆ రోజు వరండాలో పెద్దమ్మను పక్కకు పిలిచి, ఆమెకు నిజంగా కామెర్లు లేవని తెలుసా అని అడిగాను.

"తెలీకేమి తంబీ? కండ్లు మల్లెపువ్వులాగా తెల్లగా ఉండాయి."

"మరి మందు ఎందుకిచ్చారు?"

"అప్పడి విట్టులో రాసినాక ఎవురన్నా ఇయ్యాల్ల గదా. లేకుంటే జడ్జి సామి నమ్ముతాడా?" అని, నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అదీగాక, నా ఇడ్లీలో కారం వేసింది గదా. కొంచెం చేదు తాగనీ."

అప్పీలు తుది విచారణ రోజున జడ్జిగారికి ఓపిక నశించింది. ఇద్దరినీ ముందుకు పిలిచి, ఇప్పుడు రోలు దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అని అడిగారు. తోడికోడళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చిన్నమ్మ చెప్పింది. "ముందూ వెనకా లేదు సామీ. అక్కకి చెయ్యి నొప్పి. నేను గుండు తిప్పుతా, అక్క పిండి తోస్తుంది. ఇద్దరి పిండీ అయినాక మిరపకాయ."

"అయితే ఇంకా కేసు ఏముంది?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె తల అంత కిందికి దించడం ఎప్పుడూ చూడలేదు.

"కేసు ఉండబట్టే మాట్లాడుకుంటా ఉండాము సామీ," అంది మెల్లగా. "ఇంట్లో మగోళ్లు ఏమి మాటలని అడిగితే కేసు మాటలంటాము. గమ్మున ఊరుకుంటారు. మీరు ముగించేస్తే రేపటినుంచి ఏమి మాటలని చెప్పేది?"

జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అంతసేపు తుడవవలసినంత దుమ్ము వాటిమీద ఉన్నట్టు నాకు కనిపించలేదు. తర్వాత గుమాస్తాతో, ఈ కట్ట జాబితాలో అన్నిటికంటే అడుగున పెట్టమన్నారు. ఆయన బదిలీ అయ్యారు. తర్వాత వచ్చినవాళ్లకు అంత లావు కట్ట విప్పాలనిపించలేదు. మా సీనియర్ పోయారు, ఆఫీసు నాదైంది. అన్నదమ్ములిద్దరూ ఒకరి తర్వాత ఒకరు కాలం చేశారు. మాట్లాడుకోవద్దనే మనిషి లేకపోయినా తోడికోడళ్లిద్దరూ మానకుండా వాయిదాకు వచ్చేవారు, ఒకే గొడుగు కింద.

ఒక వానాకాలంలో పెద్దమ్మ పోయింది. మధ్యాహ్నం పడుకుని లేవలేదు. పదకొండో రోజు కార్యానికి వెళితే చిన్నమ్మ నన్ను చూసి మొదట అడిగిన మాట, "తంబీ, ఇప్పుడు అప్పీలు?" అని. చనిపోయినవాళ్ల స్థానంలో వాళ్ల వారసులను గడువులోగా చేర్చుకోవాలి, లేకపోతే కేసు తనంతట తాను పడిపోతుందని చెప్పాను. ఎదురు పక్షం వకీలుగా నేను అంతకుమించి చెప్పకూడదు. ఆ మర్నాడే ఆమె తన వకీలు దగ్గరికి వెళ్లిందట.

నెల తిరిగాక పెద్దమ్మ పెద్దకోడలు మా ఆఫీసుకు వచ్చింది. స్కూల్లో టీచరు. ఇంట్లో కరెంటు గ్రైండరు ఉంది, రోలు ముఖం ఎప్పుడూ చూసినదాన్ని కాదని ఆమే చెప్పింది. కోర్టు నోటీసు బల్లమీద పెట్టింది.

"మా అత్త పోయి నెల తిరిగిందో లేదో సార్, చిన్నత్త మా ఆయనతోపాటు నన్నుకూడా కేసులో చేర్చింది. ఎంత కోపం వచ్చిందో! నేరుగా పోయి అడిగేద్దామని గోడ దగ్గరికి పోయినాను."

"ఏమన్నారు?"

"నిలబడి అడగొద్దు, కూర్చోని పిండి తోస్తా అడుగు అనె." ఆమె చేతి గాజులకు తెల్లగా పిండి ఎండి ఉంది. "ఒక్కరోజుకని కూర్చుంటే రోజూ పోవాల్సి వస్తా ఉంది. అత్త గురించి ఏమేమో చెప్తా ఉండారు. ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు ఒక్కటీ తెలీదు సార్."

కౌంటరు వేయాలి కదా, అభ్యంతరం ఏమని రాయను అని అడిగాను. ఆమె నోటీసును అటూ ఇటూ తిప్పి చూసింది.

"అభ్యంతరం ఏమీ లేదు. కానీ సుమ్మా ఊరికే ఒప్పుకుంటే ఎట్ల సార్? వాయిదా అడగండి."

కౌంటరుకు గడువు కోరుతూ పిటిషన్ రాసి, సంతకానికి ఆమె ముందు పెట్టాను.